50కి 19 వచ్చిన వ్యాసం: బయటి దేశాలల్ల మన పేరు ఎట్ల మారుతది?

గట్టు_మీది_చదువరి (హన్మకొండ), శనివారం రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న. మొన్న కోచింగ్‌ల వ్యాసం పరీక్ష పెట్టిండ్రు. ప్రశ్న గిది: "ఎదుగుతున్న దేశం విదేశాల్లో తన ప్రతిష్ఠను ఎలా మలచుకుంటుంది?" నేను చూసి ఎగిరి గంతేసిన. ఇది నాకు నోటికొచ్చిన పాఠం.

2014 డిసెంబర్‌ల ఐక్యరాజ్యసమితి యోగా దినోత్సవం తీర్మానం, 2023 చిరుధాన్యాల సంవత్సరం, అదే ఏడు ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుడు, సెప్టెంబర్ 9, 10ల ఢిల్లీల జీ20, ఆఫ్రికన్ యూనియన్‌ను అండ్ల చేర్చుకునుడు. అన్నీ వరుసగ పేర్చిన. నాలుగు పేజీలు. 50కి 19 వేసి కింద ఎర్ర పెన్నుతోటి రాసిండు సారు: "ఇవి పేపర్లో నేనూ చదివాను. నువ్వేం చూశావు?"

నేనేం చూసిన? ఇటు హైదరాబాద్ దాక, అటు మేడారం జాతర దాక చూసిన. పాస్‌పోర్టే లేదు. మీలో బయటి దేశాలల్ల ఉన్నోళ్లు, పోయొచ్చినోళ్లు, బయటోళ్లతోటి పని పడేటోళ్లు మస్తు మంది ఉన్నరు. మీరు కండ్లార చూసింది జర చెప్పుండ్రి. పేపర్ ముచ్చట్లు వద్దు, అవి నా కాడ దండిగున్నయి.

కాజీపేట_జంక్షన్, 9:52

తమ్మీ, పాస్‌పోర్టు ఎందుకు, రామప్పకు పో చాలు. 2025 మే 14న మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన పిల్లలు కొందరు వేయిస్తంభాల గుడి, కోట దిక్కు, కొందరు రామప్ప దిక్కు వచ్చిండ్రు కద. శిల్పాలు చూపిద్దామని పిలిస్తిమి. లోకం ఏం చూసింది? ఒకామె వంగి వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి తుడిచిన వీడియో చూసింది. వ్యాసం అయిపోయింది. 50కి 50 వేస్కో.

భద్రకాళి_కట్ట, 10:05

జంక్షన్ అన్నా, ఇంటికొచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లిచ్చుడు తప్పెట్లయితది? మా అమ్మమ్మ ఇంటి ముందట గోళెం నింపి చెంబు పెట్టేది. ఎవ్వరొచ్చినా మొదలు కాళ్లకు నీళ్లు, తర్వాత మంచం వాల్చుడు, తర్వాత చాయ్. కాకపోతె ఆమె చెంబు చేతికిచ్చేది. వచ్చినోళ్లే కడుక్కునేది. పెండ్లిల అల్లుని కాళ్లు కడుగుతరు, అది వేరే ముచ్చట. చెంబు చేతికిస్తె మర్యాద. వంగి తుడిస్తె ఇంకోటి. బయటోళ్లకు ఆ తేడా తెల్వది, తెల్వాల్సిన పని గూడ లేదు. మనకు తెల్వాలె.

పాలంపేట_బాట, 10:48

రామప్ప పేరొచ్చింది గన్క మాట్లాడుత. నేను ఆ ఊర్లనే పుట్టిన, గుడి కాడ గైడుగ తిరుగబట్టి పదేండ్లు దాటింది. మే 14 ముచ్చట మీద నేనేం అనను. ఆ వీడియోల ఉన్నామె ఎవరింటి ఆడిబిడ్డనో, ఆమె మీద మాత్రం రాళ్లెయ్యకుండ్రి.

2021 జూలై 25న యునెస్కో జాబితాల రామప్ప ఎక్కిన దినం మా ఊర్ల పటాకలు కాల్చిండ్రు. కరోనా కాలం, చైనాల ఫుఝౌ పట్నం ఆ మీటింగును ఆన్‌లైన్ల నడిపింది. మేము ఫోన్ల చూసినం. మన దేశంల 39వది. రెండు దినాలు తిరగకముందే గుజరాత్ ధోలావీరా 40వది అయింది, అది వేరే లెక్క.

అప్పటిసంది బయటి దేశపోళ్లు వస్తున్నరు. మనోళ్లు వస్తె అడిగేది ఒక్కటే: "నీళ్లల్ల తేలే ఇటుక ఏది?" శిఖరానికి వాడిన ఇటుక తేలికది, నీళ్లల్ల తేలుతది, నిజమే. కానీ నేను గోపురం మీది ఇటుక పీకి బకెట్ల ఏసి చూపియ్యలేను గద! అట్లనే ఎత్తు మడమల చెప్పులున్న మదనిక, రాతిల చెక్కిన ఆడబొమ్మ. దాని పక్కన ఫొటో దిగి, ఎనుకటికే మా దగ్గర హై హీల్స్ ఉండె అని పెట్టుకుంటరు. నేను గూడ ఆ రెండు ముచ్చట్లే చెప్పి పొట్ట పోసుకున్న, అబద్ధమెందుకు.

ఒకపారి ఫ్రాన్సుకెల్లి ముసలి ఆలుమగలు వచ్చిండ్రు. గుడి అర్ధగంటల చూసిండ్రు. చెరువు కట్ట మీద రెండు గంటలు కూసున్నరు. రేచర్ల రుద్రుడు 1213ల గుడి కట్టించిన కాలంలనే ఆ చెరువు గూడ తవ్వించిండు. దాని కింద ఇప్పటికీ వరి పండుతది. తూము కాడ నీళ్లు పారుతుంటె ఆ పెద్దమనిషి "ఇది అప్పటిదేనా? ఇంకా పని చేస్తున్నదా?" అని మూడుసార్లు అడిగిండు. మూడోసారి నాకు సిగ్గయింది. పదేండ్లల్ల ఒక్క టూరిస్టును గూడ నేను చెరువు కాడికి తోల్కపోలే. అది మాకు ఈతకొట్టే చెరువు, బర్లను కడిగే చెరువు. చూపియ్యాల్సిన వస్తువు అని నాకే అనిపియ్యలే.

నువ్వేం చూసినవని మీ సారు అడిగిండు కద తమ్మీ. నాకైతె ఆయనెవరో ఫ్రాన్సుకెల్లి వచ్చి చెప్పేదాక కనపడలే.

హంటర్‌రోడ్_జైహింద్, 11:20

ఇట్లాంటి థ్రెడ్ వస్తే చాలు, మన మీద మనమే రాళ్లేసుకోవడం మొదలు. ఇంకో వైపు నేను చెప్తా.

2014లో మంగళయాన్ అంగారక కక్ష్యలోకి పోయినప్పుడు నేను డాలస్‌లో పని చేస్తున్నా. న్యూయార్క్ టైమ్స్ ఒక కార్టూన్ వేసింది. లోపల సూట్లేసుకున్న పెద్దోళ్ల అంతరిక్ష క్లబ్బు, బయట తలుపు కొడుతున్న మన రైతు, పక్కన ఆవు. తర్వాత పత్రిక క్షమాపణ చెప్పుకుంది, అది వేరే సంగతి. మా ఆఫీసులో ఒకడు ఆ బొమ్మ ఫోన్లో పెట్టుకొని నా టేబుల్ దాకా వచ్చి నవ్వి పోయాడు. తొమ్మిదేళ్లు పట్టింది. చంద్రయాన్-3 దిగిన రాత్రి వాడే మెసేజ్ పెట్టాడు: దక్షిణ ధ్రువం దిక్కు మీ కన్నా ముందు ఎవరూ దిగలేదు కదా, అని. నేనేం జవాబు ఇయ్యలేదు. ఆ ఫోన్ నాలుగుసార్లు తీసి చూసుకున్నా.

పరువు అంటే ఏమిటో లేనప్పుడు తెలుస్తది. ఇంటర్వ్యూలో కూచున్నప్పుడు అవతలోడు నీ దేశం గురించి ముందే ఒకటి అనుకొని ఉంటాడు. అది మంచిదైతే నీ పని సగం అయిపోయినట్టే. 2021 జనవరిలో మన టీకాలు మొదలు భూటాన్‌కు, మాల్దీవులకు పోయినయి. పొరుగు దేశాలు అడిగితే పంపినం. దాన్ని కూడా ఎక్కిరిస్తారా?

మందుల_దుకాణం (వరంగల్ చౌరస్తా), 11:47

ఎక్కిరించను. మందుల యాపారం నాది, గన్క టీకాలను పట్టుకొని నాలుగు మాటలు రాస్త.

లోకం మన దేశాన్ని మందుల దుకాణం అంటది. ఆ పేరు ప్రకటనలతోటి రాలే. 2001 ఫిబ్రవరిల సిప్లా కంపెనీ, సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థకు ఎయిడ్స్ మందులు మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తనన్నది. అప్పటికి అవే మందులకు పెద్ద దేశాల కంపెనీల రేటు 10 వేల డాలర్ల పైన. ఆఫ్రికల మన పేరు ఆ దినం మారింది.

ఇగ రెండో దిక్కు. టీకాలు జనవరిల పంపినం, ఏప్రిల్ల మన దగ్గరనే ఆక్సిజన్ లేక జనం రోడ్ల మీద పడ్డరు, పంపుడు ఆగింది. మన మీద ఆశ పెట్టుకున్న దేశాలు అక్టోబర్ దాక ఎదురుచూసినయి. 2022 అక్టోబర్ల గాంబియాల పిల్లల చావులకు మన దేశంల తయారైన దగ్గు మందులకు సంబంధం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అందుల డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం దొరికిందన్నరు. పేరు పోతదని మనోళ్లు లేచిండ్రు. 2023 జూన్ 1 నుంచి బయటికి పంపే ప్రతి దగ్గు మందు సర్కార్ ల్యాబుల పరీక్ష చేయించాలె అని రూల్ పెట్టిండ్రు.

జర ఆగి మల్లొక్కసారి చదువుండ్రి. బయటికి పంపేదానికి. 2025ల మధ్యప్రదేశ్ ఛింద్వారల దగ్గు మందు తాగి మన పిల్లలే చచ్చిపోయిండ్రు. ఆ వార్త వచ్చిన దినం నా దుకాణంల ప్రతి తల్లి సీసా తిప్పి తిప్పి చూసింది. "ఇది మంచిదేనా అన్నా?" అంటె, నేనేం చెప్పాలె? ఎగుమతి సరుకు అయితె చెప్పేటోన్నేమో.

కాజీపేట_జంక్షన్, 11:53

అంటె చుట్టాలకు పెట్టే అన్నం రుచి చూస్తరు, ఇంట్ల పోరగాండ్లకు పెట్టేది చూడరు.

మోడరేటర్, ఆదివారం ఉదయం 7:15

రాత్రి పార్టీల పేర్లు పెట్టి తిట్టుకున్న మూడు పోస్టులు తీసేశాను. ప్రశ్న అడిగినబ్బాయికి పరీక్ష ఉంది. దయచేసి దారి తప్పకండి.

సియోల్ల_ఓరుగల్లోడు, 8:30

వరంగల్ నిట్‌లో చదివి కొరియాలో పదకొండేళ్లుగా ఉంటున్నా. ఎదుగుతున్న దేశం అంటే అందరూ కొరియా పేరే చెప్తారు కాబట్టి, ఇక్కడ నాకు అర్థమైనంత చెప్తా.

ముందుగా మనవాళ్లకు తెలియని ముచ్చట. కొరియా వాళ్లు కూడా గల్ఫ్‌కు పోయిన కూలీలే. 1963 నుంచి పశ్చిమ జర్మనీ బొగ్గు గనులకు మగవాళ్లు, ఆ తర్వాత ఆసుపత్రులకు నర్సులు. 1970లలో సౌదీకి. 1976లో అక్కడి జుబైల్ రేవు పని హ్యుందాయ్‌కి దక్కింది, వేలమంది ఎడారిలో పని చేశారు. మా పాత మేనేజర్ వాళ్ల నాన్న అట్లా పోయినాయనే. నేను కరీంనగర్ దిక్కువాళ్ల గల్ఫ్ కథ చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా అమ్మ కూడా క్యాసెట్లో మాటలు రికార్డ్ చేసి పంపేది అన్నాడు.

1988 ఒలింపిక్స్. దేశం ముఖం మారింది అని పుస్తకాల్లో ఉంటుంది. అంతకు ముందు సియోల్లో సాంగ్యే-దోంగ్ లాంటి పేదల బస్తీలను కూల్చి జనాన్ని వెళ్లగొట్టారు, అదీ ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. 2023 జీ20 అప్పుడు ఢిల్లీలో బస్తీల ముందు పచ్చ గుడ్డలు కట్టిన ఫొటోలు వచ్చినప్పుడు మా ఆఫీసులో పెద్దవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

ఇక అసలు సంగతి. 2009లో దేశానికి మంచి పేరు తేవడానికే ఒక మండలి పెట్టారు, ఏకంగా అధ్యక్షుడి కింద. నినాదాలు, లోగోలు, సదస్సులు. ఆ మండలి ఇప్పుడు లేదు. అది ఏం చేసిందో అడిగితే నా తోటి ఉద్యోగులకు ఒక్కరికీ గుర్తులేదు. లోకానికి కొరియా పేరు మోగించింది 2012లో వచ్చిన 'గంగ్నమ్ స్టైల్' అనే పాట, యూట్యూబ్‌లో మొట్టమొదట వంద కోట్ల చూపులు దాటింది అదే. అందులో ఏముంది? సియోల్‌లోనే డబ్బున్న పేట మీద, వాళ్ల డాబు మీద వెక్కిరింపు. ఏ ప్రభుత్వ మండలి అయినా ఆ పాటను దేశప్రచారానికి ఎంచుకుంటుందా? సచ్చినా ఎంచుకోదు.

అట్లాంటివి రావడానికి దారి వేరేచోట పడింది. 1996లో ఇక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, సినిమా విడుదలకు ముందే కత్తెర వేసే పద్ధతి చెల్లదంది. ఆ తర్వాత ప్రభుత్వం డబ్బు కూడా పెట్టింది, కాదనను. కానీ ముందు నోరు విప్పనిచ్చింది. తమ అప్పులు, తమ ధనవంతుల పొగరు, తమ పిల్లల పరీక్షల పిచ్చి, అన్నీ వాళ్లే తీసి లోకానికి చూపించారు. లోకం అసహ్యించుకోలేదు. మా ఇంట్లో కూడా ఇదే గోల అనుకుంది.

ఇంకోటి చెప్పి ఆపుతా. ఒకప్పుడు అందరి దగ్గర సాయం తీసుకున్న దేశం, 2010లో సాయం చేసే దేశాల కమిటీలో కూచుంది. దీని మీద ఏ పాటా రాలేదు, కానీ మా మేనేజర్ తరం గర్వంగా చెప్పుకునేది ఇదే.

కాజీపేట_జంక్షన్, 8:41

మన దిక్కు గూడ గంతే కద అన్నా. 2023ల ఆస్కార్ కొట్టిన పాట రాసినాయనది మన చిట్యాల మండలం చల్లగరిగె. ఢిల్లీల ఏ ఫైల్ మీద సంతకం పడింది దానికోసం? లోకమంత మన తెలుగుకు కాళ్లు కదిపింది. తీసింది మాత్రం ఉక్రెయిన్ల, కీవ్ రాజమహల్ ముందట. యుద్ధానికి కొన్ని నెలల ముందు. ఇప్పుడు ఆ పాట చూస్తె నాకు డ్యాన్స్ కన్న ఎనుక ఉన్న ఆ మహలే కనపడుతది.

కొత్తవాడ_మగ్గం, 10:10

ఎన్నడు రాయలే గీడ, తప్పులుంటె మన్నించుండ్రి. మా తాత, నాయిన, నేను, మూడు తరాలు జంపఖానాలు నేసినం. మీరు దర్రీ అంటరు.

మా తాత ఎప్పుడూ ఒక ముచ్చట చెప్తుండె. 1851ల లండన్ల పెద్ద ఎగ్జిబిషన్ అయింది, ఇంగ్లాండు రాణి చూడవచ్చింది, అండ్ల మన వరంగల్ తివాచీలు పెట్టిండ్రు అని. నేను ముసలాయన ఊరికె కోతలు కోస్తున్నడనుకున్న. తర్వాత మ్యూజియం సారు ఒకాయన వచ్చి నిజమే అన్నడు. అయితె సంగతేందంటె, పెట్టింది ఎవరు? ఇంగ్లీషోళ్లు. తమ కింద ఎన్ని దేశాలున్నయో, ఆ దేశాలల్ల ఏమేం ఉన్నయో లోకానికి చూపియ్యాలె గన్క పెట్టుకున్నరు. పేరు మన తివాచీది, గొప్ప వాళ్లది.

ఇప్పుడు మన రాజ్యం. 2018ల వరంగల్ దర్రీకి జీఐ వచ్చింది, అంటె ఇది ఈ ఊరి సరుకు అనే సర్కార్ గుర్తింపు. కాయితం బాగున్నది, ఫ్రేము కట్టి సొసైటీల పెట్టినం. కానీ నేను నేసిన దర్రీ ఏజెంటు కొంటడు, ఆయన ఇంకో పట్నంల ఇంకో ఏజెంటుకు అమ్ముతడు, ఆడికెల్లి ఓడ ఎక్కుతది. దాని మూలకు కుట్టే చీటీల మన దేశం పేరు ఉంటది, వరంగల్ ఉండది. జర్మనీల ఎవలో దాని మీద కూసొని కాఫీ తాగుతుంటరు. వాళ్లకు కొత్తవాడ గల్లీ ఎరుకనా?

బయటి దేశం పెద్దమనుషులు వచ్చినప్పుడు మమ్ముల పిలిచి స్టాలు పెట్టమంటరు. మగ్గం ఊడదీసి ఆడికి మోసుకపోయి బిగిస్తె ఒక దినం పోతది, మల్ల తెచ్చి బిగిస్తె ఇంకో దినం. వాళ్లు అయిదు నిమిషాలు చూస్తరు, నాడె పట్టుకొని ఫొటో దిగుతరు. మంచిగనే మాట్లాడుతరు పాపం. రెండు దినాల కూలి ఎవరిస్తరని అడగొద్దు.

భద్రకాళి_కట్ట, 10:22

మగ్గం కాకా, తప్పులేం లేవు. ఇంకా రాయుండ్రి.

శాసనాల_సారు, మధ్యాహ్నం 12:35

ఆలస్యంగా చూశాను. నేను చరిత్ర పంతులుని, రిటైరై ఆరేళ్లయింది. వ్యాసం రాసే అబ్బాయికి వరంగల్‌లోనే దొరికే ఉదాహరణ ఒకటి ఇస్తాను, ఇది ఏ పేపర్లోనూ వచ్చి ఉండదు.

గణపతిదేవుడి కాలంలో కాకతీయ రాజ్యం ఎదుగుతున్న రాజ్యమే. తీరం చేతికొచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లి అప్పటి పెద్ద రేవు. పరాయి దేశపు ఓడలు రావాలి. రావాలంటే భయం పోవాలి. ఆ రోజుల్లో తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరపు రాజువే. ఓడ మునిగిన వర్తకుడు గోచీతో మిగిలేవాడు.

1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. దాని సారం: మునుపటి రాజులు అట్లా గుంజుకునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదని సముద్రానికి తెగించి వచ్చినవారికి మేము దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా 30కి 1. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, ఒక్కొక్క సరుకుకు ఎంత కట్టాలో రాతి మీద చెక్కించాడు.

ఆ "కీర్తి కోసం" అన్నమాట దగ్గర ఆగండి. రాజు దాచుకోలేదు. పేరు కావాలి, వర్తకం కావాలి, సైన్యానికి గుర్రాలు కావాలి. అందులో పరోపకారం ఎంతో స్వార్థమూ అంతే. కానీ ఆ పేరును ఆయన తోరణాలు చూపించి కొనలేదు. లెక్క చెప్పి కొన్నాడు. అధికారి మారినా, రాజు మూడ్ మారినా 30కి 1 మారదు అని రాయి చెప్తుంది. కాకతీయులు పోయాక కూడా, 1358లో అనపోతారెడ్డి మోటుపల్లిలో మళ్లీ అటువంటి శాసనమే వేయించాల్సి వచ్చింది. రాజ్యం పోతే రాతి మాటకు విలువ పోతుంది, వర్తకుడు మళ్లీ భయపడతాడు. కొత్తవాడు మళ్లీ మాట ఇచ్చుకోవాలి.

గణపతిదేవుడి తర్వాత రుద్రమ. మార్కోపోలో ఈ రేవు పేరుతోనే మన రాజ్యాన్ని చెప్పాడు, ముత్ఫిలి అని. రాణి న్యాయంగా ఏలుతుందన్నాడు, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నమన్నాడు, వజ్రాల గురించి పెద్ద కథే చెప్పాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అని రాశాడు, నిజానికి కూతురు. వివరం తప్పింది, పేరు మాత్రం సరిగ్గానే వెళ్లింది. ఏడువందల ఏళ్లుగా ఆ పుస్తకం లోకమంతా చదువుతూనే ఉంది.

హంటర్‌రోడ్_జైహింద్, 12:58

సారూ, ఇది నాకు కొత్త. ఒప్పుకుంటున్నా. కానీ ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు కూడా కట్టించుకున్నారు కదా? చూపెట్టుకోవడం కూడా ఉంది అండ్ల. రాష్ట్రం ముద్ర మీద ఇవాళ ఉన్నది తోరణమే, శాసనం కాదు.

శాసనాల_సారు, 1:06

మంచి దెబ్బే కొట్టారు. తోరణం దూరం నుంచి కనిపిస్తుంది, శాసనం దగ్గరికి వచ్చినవాడే చదువుతాడు. రెండూ వాళ్లే చేశారు.

జగిత్యాల_టు_దోహా, మధ్యాహ్నం 3:20

పొద్దటిసంది చదువుతున్న. రాయాల్నా వద్దా అనుకున్న. కొరియా అన్న గల్ఫ్ ముచ్చట ఎత్తిండు గన్క రాస్తున్న. తమ్మీ, నువ్వు మన దేశం పేరు అడిగినవు, నేను ఇంకో దేశం పేరు కట్టెతందుకు పోయినోన్ని.

2010 డిసెంబర్ల ఖతర్‌కు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చింది. అంతకు ముందు ఆ దేశం ఎక్కడున్నదో మందికి తెల్వది. 8 స్టేడియాలు కావాలె, మెట్రో కావాలె, రోడ్లు కావాలె. నేను 2013ల పోయిన. షట్టరింగ్ పని. దిగిన దినమే క్యాంపు ఆఫీసుల పాస్‌పోర్టులు గుంజుకున్నరు. కంపెనీ పేరు వద్దు. కఫాలా అంటె తెల్వనోళ్లకు చెప్త: నిన్ను పిలిపించుకున్నోడు సంతకం పెడితేనే ఇంకో కంపెనీల చేరొచ్చు, సంతకం పెడితేనే ఇంటికి పోవచ్చు. మా పెద్దనాయిన పోయిండని ఫోనొస్తె సంతకం కోసం పదమూడు దినాలు తిరిగిన. నేనొచ్చేసరికి దినాలు అయిపోయినయి. పంచిన పిండివంటలు డబ్బల మిగిలినయి, అవి తిన్న.

తర్వాత లోకంల పత్రికలోళ్లు రాసుడు షురూ చేసిండ్రు. స్టేడియాలు సరే, కట్టినోళ్లు ఎట్ల బతుకుతున్నరు అని. మా క్యాంపుల మొదలు వచ్చింది దోమల జాలి. తర్వాత ఏసీలు బాగుచేసిండ్రు. ఇన్‌స్పెక్టర్లు వచ్చి మా మంచాలు లెక్కపెట్టిండ్రు. 2018ల మా అసొంటి చాలామందికి దేశం విడిచిపోయే పర్మిట్ అక్కర్లేకుంట అయింది. 2020ల కంపెనీ మారెతందుకు ఎన్‌ఓసీ, అంటె పాత కంపెనీ ఒప్పుకోలు కాయితం, తీసేసిండ్రు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాల్లు, కంపెనీ పెట్టకుంటె తిండికి 300, గదికి 500. కాయితం మీద మారినంత క్యాంపుల మారలే, అది నిజం. కానీ నా పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. వాళ్లకు నా మీద ప్రేమ పుట్టి కాదు. పేరు కోసం. నలుగురు చూస్తున్నరని.

అందుకే జంక్షన్ అన్న లెక్క నేను పేరు కోసం చేసుడును మొత్తం నవ్వలేను. ఖతర్‌కు పేరు ఆశ లేకపోతె నేను ఇంకో పెద్దనాయిన చావుకు గూడ పోకపోదును.

ఇగ మన ముచ్చట. 2018 జనవరి. మేం దోహ క్యాంపుల ఉన్నం. పది పాస్ కానోళ్ల పాస్‌పోర్టు, గదే ఈసీఆర్, అంటె పనికి పోయేముందు సర్కార్ పర్మిషన్ కావాలనే ముద్ర ఉన్నది, నారింజ రంగుల ఇస్తరని మన సర్కార్ చెప్పింది. మిగిలినోళ్లది నీలమే. మాకు మేలు కోసమే అన్నరు, ఎయిర్‌పోర్టుల జల్ది గుర్తుపట్టి సాయం చెయ్యనీకె అన్నరు. మా గదిల పన్నెండు మందిమి. ఒక్కడు గూడ మాట్లాడలే. ఎయిర్‌పోర్టుల లైన్ల నిలబడితె దూరంకెల్లి రంగు చూసే తెలుస్తది కద వీడు కూలోడు అని. ఖతర్ల మా డ్రెస్సు రంగు చూసి మాల్‌లకు రానియ్యకపోతుండ్రి కొందరు. అది పరాయి దేశం. ఇది మన ఇంటి పుస్తకం. కేరళోళ్లు లొల్లి చేసిండ్రు, కోర్టుకు పోయిండ్రు, నెలాఖరుకు ఆ మాట వెనక్కి తీసుకున్నరు. మనోళ్లం ఏం లొల్లి చెయ్యలే. పనికి పోయినం.

2022ల బయటికెల్లి మన దేశానికి వచ్చిన పైసలు 111 బిలియన్ డాలర్లట. 100 దాటిన మొదటి దేశం మనదే అని టీవీల చెప్పిండ్రు. అండ్ల నావి లెవ్వు, నేను 2021లనే వచ్చేసిన. వచ్చేముందు అల్ బైత్ స్టేడియం ముందట ఒక్క ఫొటో దిగిన. 2022 నవంబర్ 20న మొదటి ఆట అండ్లనే అయింది. ఇంట్ల టీవీల చూసిన. కెమెరా పైకెల్లి తిప్పుతుంటె అంత అందంగ ఉన్నదని నాకు గూడ అప్పుడే తెలిసింది. పని చేసేటప్పుడు మేము చూసేది పలకలు, మొలలు, ఎండ.

మందుల_దుకాణం, 3:41

తమ్మీ, నీ నారింజ పాస్‌పోర్టు చదివినంక నా సీసాల ముచ్చట చిన్నగైంది.

పాలంపేట_బాట, 3:50

దోహా అన్నా, ఎన్నడన్న రామప్పకు వస్తె చెప్పు. గుడి కన్న ముందు చెరువు చూపిస్త. పైసలు వద్దు.

హంటర్‌రోడ్_జైహింద్, 4:02

బ్రదర్, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. ఆ క్యాంపుల నిన్ను ఏ దేశమోడివని అడిగితే ఏమని చెప్పేటోడివి?

జగిత్యాల_టు_దోహా, 4:15

తప్పేముంది అన్నా. ఇండియా అంటె కేరళనా అనేది. కాదంటె ముంబయా అనేది. నేను జగిత్యాల అని చెప్పి ఊకునేది.

గట్టు_మీది_చదువరి, సాయంత్రం 6:30

అందరికీ దండాలు. పొద్దటిసంది గ్రంథాలయంల కూసొని ఇదే చదివిన, పుస్తకం తెరవలే. పాలంపేట అన్నా, వచ్చే ఆదివారం వస్తున్న, ములుగు దాక బస్సుకొచ్చి ఫోన్ చేస్త. సారూ, మోటుపల్లి శాసనం పూర్తి పాఠం మీ కాడ ఉంటె జిరాక్స్ ఇప్పియ్యుండ్రి. వ్యాసం మల్ల రాస్తున్న. యోగా, చిరుధాన్యాలు ఒక్క లైన్ల ముగిస్త. చెంబు కాడ మొదలుపెడుదామనుకుంటున్న, భద్రకాళి అక్క ఒప్పుకుంటె.

దోహా అన్నా, నీ పాస్‌పోర్టు ముచ్చట, పెద్దనాయిన ముచ్చట రాసుకోవచ్చునా? నువ్వు దిగిన ఫొటో గురించి గూడ.

భద్రకాళి_కట్ట, 6:34

చెంబు నీదే తీస్కో. మా అమ్మమ్మ ఉంటె సంతోషపడేది.

జగిత్యాల_టు_దోహా, రాత్రి 8:10

రాసుకో తమ్మీ. నా పేరు, మా ఊరు పేరు మాత్రం రాయకు. ఫొటో సంగతి అడిగినవు గన్క చెప్తున్న, ఇది గూడ రాయకు. ఆ ఫొటోల నా నెత్తిన తెల్ల హెల్మెట్ ఉంటది. తెల్లది ఇంజినీర్లది, మాది పసుపుది. ఆ దినం ఇంజినీర్ సారును అడిగి రెండు నిమిషాలకు పెట్టుకున్న. మా అవ్వ దాన్ని పెద్దగ చేయించి గోడకు పెట్టింది. ఎవరొచ్చినా చూపిస్తది. నేను ఆడ ఆఫీసర్‌గ చేసిన అనే ఆమెకు ఇప్పటికీ ఎరుక.